ఆదెన్న జడ్డిగం

జూన్ 16
చెక్క మీద బొమ్మలు, అక్షరాలు చెక్కే నా కంప్యూటర్ మిషనుకు కొత్త సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ అయింది. పాతదానితో నేమ్‌ప్లేట్లు చెక్కి ఊరంతా పంచాను. ఇప్పుడు చేయాల్సింది జడ్డిగం. దానికి త్రీడీ డిజైన్ రావాలి. నాకు రాదు.

పక్కింటి ఆదెన్న మామ పొద్దున తెచ్చి చూపించాడు. గొర్రు మీద విత్తనాలు పోసే చెక్క గిన్నె, పక్కన పగులు. చేసిచ్చే వడ్రంగి గోవిందప్ప చనిపోయి ఏళ్లయింది. ఏమప్పా శశీ, నీ మిషను బోర్డులేనా, ఇట్లాంటిది కూడా తీస్తాదా అన్నాడు. గుట్ట మీది చేనుకు ట్రాక్టరు ఎక్కదు. ఈసారీ విత్తకపోతే ఎద్దులకు మేత కూడా ఉండదు, అమ్ముకొని బెంగళూరు పోవాల్సిందే అన్నాడు.

తీస్తాది మామా అన్నాను. నోరు ఊరుకోదు కదా.

జూన్ 21
స్కెచ్, రివాల్వ్, షెల్ అని సాఫ్ట్‌వేర్‌లో వరుసగా నొక్కాలి. నేర్పే వీడియోలో వాడు చిటికెలో గిన్నె తిప్పేస్తాడు. నాది దోసెలా పరుచుకుంటుంది.

జూన్ 22
మళ్లీ దోసె.

జూన్ 29
గిన్నె వచ్చింది. బెజ్జాలు రాలేదు. మామ ఇచ్చిపోయిన పాతదానిలో అవి ఏటవాలుగా దిగి వెదురు గొట్టాల్లోకి పోతాయి. ఎంత వాలో బయటి నుంచి తెలియడం లేదు.

జూలై 4
నడిమికి కోస్తే లోపల కొలవొచ్చు. మామను అడిగాను. ఆకాశం వైపు చూశాడు. మబ్బు నల్లగానే ఉంది. ఇవి దినామూ వచ్చి పోయే మబ్బులేలే, కొయ్యప్పా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. మా ఊళ్లో పుట్టినవాడెవడూ మబ్బును నమ్మి పని ఆపుకోడు.

రంపం పెట్టి కోశాను.

జూలై 5
వాన.

చేలన్నీ తడిశాయి. ఊరంతా విత్తనానికి దిగింది. ఇలాంటప్పుడు గొర్రు అరువు అడిగితే ఎవరిస్తారు? రెండు ముక్కలకూ జిగురు పెట్టి, ఇనుప తీగ చుట్టి ఇచ్చాను. మామ దాన్ని చంకన పెట్టుకొని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 6
మొదటి సాలులోనే జడ్డిగం విచ్చుకుంది. శెనక్కాయ విత్తనమంతా కుప్పగా పడింది. సుంకమ్మత్త వంగి ఏరుతుంటే నేనూ ఏరాను. తర్వాత మామ నాగలి కట్టాడు, అత్త వెనకాల చేత్తో వేసుకుంటూ పోయింది. ఒక మూలకే అయింది. తడి ఆరగొట్టే గాలి ఒకటే.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచాను. డిజైన్‌లో బెజ్జాలు ఏటవాలుగా కుదిరాయి. కానీ నా మిషను నిలువుగా తప్ప దిగదు. ఇన్నాళ్లూ ఈ మిషను ముందే కూర్చున్నాను, ఈ సంగతి ఈ పొద్దు తట్టింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

జూలై 8
చెక్క కింద ఎత్తు పెట్టి వంచి చూశాను. చెక్కే బిట్ విరిగింది. చెక్కా పోయింది.

జూలై 11
నేల తడి ఆరి పదును పోయింది. మామ పిడికెడు మన్ను పట్టి చూపించాడు. పిండిలా జారిపోయింది.

ఒలిచిన విత్తనం నిలవ ఉంటే పురుగు పడుతుంది. అత్త వేయించి ఇంటింటికీ పంచింది. మాకూ ఒక గిన్నెడు ఇచ్చింది. నేను ముట్టలేదు.

జూలై 27
గిన్నె మిషను మీద తీసి, ఏటవాలు బెజ్జాలు చేతి డ్రిల్లుతో వేస్తే జడ్డిగం వచ్చింది. నున్నగా, పగులు లేకుండా. గింజలు పోసి చూశాను. అన్ని బెజ్జాల్లోంచీ సమంగా రాలాయి. పిచ్చి సంతోషంతో పరిగెత్తుకుంటూ పోయాను.

మామ తిప్పి తిప్పి చూశాడు. గోవిందప్ప కూడా ఇట్లా చేసిండ్లేదప్పా అన్నాడు. ఎద్దుల్ని మొన్ననే సంతకు తోలేశారట. నాకెవరూ చెప్పలేదు. నీ కాడనే ఉండనీలే అని తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఆగస్టు 2
మామా అత్తా బెంగళూరు బస్సెక్కారు. ఎవరిదో అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని. మూట నేనే అందించాను. మిషను జాగ్రత్తప్పా, ధూళి పడ్తే చెడిపోతాది అన్నాడు మామ.

ఆగస్టు 9
పొద్దున్నుంచి ముసురు. చేలల్లో నీళ్లు నిలిచాయి. మామ ఫోన్ చేశాడు. ఆడ వానేమన్నా పడ్తాందా శశీ అని అడిగాడు.

లేదు మామా, ఎండ మండిపోతాంది అన్నాను.