మనిషి లేని రికార్డు

నాన్నా,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోన్ అయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరం చించినా, చించేముందు ఒక్క పేరా అయినా చదువుతావు. నీ సంగతి నాకు తెలియదా.

ఏడాది చివర రేడియోలో నేను చేసే కార్యక్రమం నీకు కొత్త కాదు. ఆ ఏడాది వచ్చిన బ్లూస్, రూట్స్ జానపద రికార్డుల్లో పాట లేకుండా వట్టి వాయిద్యంతో నడిచేవి, నాకు బాగా నచ్చినవి, ఒక సాయంత్రమంతా వినిపిస్తాను. మాటల్లేని సంగీతం ఎవరు వింటారని మొదట్లో మా మేనేజర్ వెక్కిరించాడు. వినేవాళ్లు ఉన్నారు. డ్యూటీకి వెళ్లే నర్సులు, లారీలు నడిపేవాళ్లు, రోజంతా ఎవరివో మాటలు విని విసిగిపోయినవాళ్లు. ఈసారి మొదట పెట్టింది ఒక బాంజో ఆవిడ రికార్డు. ఖాళీ గిడ్డంగిలో కూర్చుని వాయించింది. మధ్యలో రేకుల మీద వాన మొదలైతే ఆపలేదు, వానకు తగ్గట్టు తనే వేగం మార్చుకుంది. తర్వాత ఇద్దరు ముసలి అన్నదమ్ముల మౌత్ ఆర్గాన్. ఒకాయన ఊపిరి తీసుకునే చోట రెండో ఆయన అందుకుంటాడు, కలిపి ఇద్దరికీ ఒకటే ఊపిరి ఉన్నట్టు. ఆ తర్వాత ఫిడేలూ చేతి డప్పూ కలిసిన రికార్డు ఒకటి. అందులో తప్పులున్నాయి, వాళ్లు దాచలేదు. అందుకే నచ్చింది.

నీ రికార్డు పెట్టలేదు. పత్రికలన్నీ దాన్ని ఈ ఏడాది వచ్చిన స్లైడ్ గిటార్ రికార్డుల్లోకెల్లా గొప్పదని రాశాయి. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గాని ఇక్కడ పిల్లకాకే పెద్దకాకిని పొడిచిందని మా మేనేజర్ ఆఫీసంతా చెప్పుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడితో పోయేది. కానీ కార్యక్రమం చివర్లో ఒకాయన ఫోన్ చేసి, "మీ నాన్నగారి రికార్డు ఏదమ్మా, వస్తుందని కూర్చున్నాను" అన్నాడు. టైము చాల్లేదని అనొచ్చు. సొంత మనిషిది పెట్టుకోకూడదని అనొచ్చు. నేను, "ఆ రికార్డులో ఎవరూ లేరండి" అన్నాను. అదీ ప్రసారంలో, నీ ఊరూ నా ఊరూ అందరూ వింటుండగా.

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి రాయడం లేదు. ఎందుకన్నానో చెప్పడానికి రాస్తున్నాను.

నీ వాయింపు నాకు నీ నడక కన్నా బాగా తెలుసు. నువ్వు వేలికి గాజు గొట్టం తొడుక్కుని స్వరాన్ని కింది నుంచి పట్టుకుంటావు. దాదాపు అందుకుని వెంట్రుకవాసి ముందే ఆగిపోతావు. ఏడుపంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంటుంది. గాజు గిటారు మెడ మీది మెట్టుకు తగిలి టక్కుమంటే పట్టించుకోవు. కష్టమైన జారుడు ముందు ముక్కుతో గట్టిగా ఊపిరి వదులుతావు, బరువు ఎత్తబోయే కూలీలాగా. ఈ రికార్డులో అన్నీ ఉన్నాయి నాన్నా. జారడం ఉంది, ఆగడం ఉంది. కానీ ఆగాల్సిన చోటని ఆగావు, ముందుకు పోలేక ఆగలేదు. గాజు ఒక్కసారీ మెట్టుకు తగల్లేదు. ఎవరో పక్కన కూర్చుని నువ్వెలా ఉంటావో నీకే చెబుతుంటే, నువ్వు అచ్చం అలాగే ఉన్నట్టుంది.

ఆ రికార్డు కంపెనీ ఆయన మాట విని నిన్ను నువ్వే ఇస్త్రీ చేసుకున్నావని నాకు అర్థమైంది. నీ ముడతల కోసం నేను రేడియోలో చేరానని నీకెప్పుడైనా చెప్పానా? అలాంటి ముడతలు ఇంకెవరిలోనైనా ఉన్నాయేమోనని ఊరూరి రికార్డులూ వెతికాను. ఇప్పుడు నువ్వే వాటిని తుడిచేసి, అందరూ బాగుందంటుంటే నోరెత్తకుండా కూర్చున్నావు. ఆ కోపంతోనే ఆ మాట అన్నాను.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నాన్న పడుకున్నారంది. వెనకాల నీ దగ్గు వినపడింది. అమ్మ తన బల్ల దగ్గర ఎవరిదో విరిగిన గిటారు మెడ అతికిస్తోందట, చేతికి జిగురుందని తొందరపడింది. పెట్టేసే ముందు మాత్రం, "ఎవరూ లేరనే అన్నావు కదే? సరిగ్గా ఆ మాటే కదా?" అని అడిగింది. అవునన్నాను. సరేలే అంది. అమ్మ ఎప్పుడూ నీ పక్షమే.

ఆదివారం కార్యక్రమం మళ్లీ వేస్తారు. నీ రికార్డు ఒక్కటి చేర్చెయ్, గొడవ వదిలిపోతుందని మేనేజర్ అంటున్నాడు. చేర్చను. నాకు నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. ఎందుకలా మారిపోయావు?

నీ పాముచెవుల పిల్ల


పాముచెవులదానా,

చించలేదు. పూర్తిగా చదివాను, మీ అమ్మకు చూపించకుండా సొరుగులో పెట్టాను.

నీకు నా మీద కోపం వస్తుందని తెలిసీ ఇన్నాళ్లూ దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. నేను ఫోన్ ఎత్తనిది అలిగి కాదమ్మా. నీతో మాట్లాడితే నీ చెవులు నా గొంతులో ఉన్నది పట్టేస్తాయని. నువ్వన్నది నిజం. ఆ రికార్డులో నేను లేను. ఒక్క తీగా నేను మీటలేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున గాజు గొట్టం నేలమీద పడి పగిలింది. వేలికి తొడుక్కున్నాననే అనుకున్నాను. జారిందని చప్పుడు విన్నాకే తెలిసింది. ఎడమచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ నావి కావు ఇప్పుడు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందని, ఇంకా పాడవకుండా చూసుకోవడమే గాని పోయిన స్పర్శ రాదని డాక్టరు చెప్పాడు. అప్పటికే కంపెనీ ఆయన స్టూడియో మాట్లాడేశాడు. వెళ్లి చెప్పి వద్దామని మీ అమ్మను తోడు తీసుకుని వెళ్లాను. చెప్పడానికి నోరు రాలేదు. గిటారు బయటికి తీశాం. మీ అమ్మ అలవాటు నీకు తెలుసు కదా, ఏ గిటారైనా ఎవరి చేతికైనా ఇచ్చేముందు ఒకసారి మీటి చూస్తుంది. ఆవిడ మీటేది ఎప్పుడూ నేను వాయించే ముక్కలే. తీగ పలుకుతుందా లేదా తెలియగానే మధ్యలో ఆపేస్తుంది. ఆ రోజూ పగిలినదాని బదులు కొన్న నా కొత్త గాజు గొట్టం తన వేలికి పెట్టుకుని మీటింది. ఎందుకో ఆపలేదు. కొత్త గది కదా, గది ఎలా పలుకుతుందో చూస్తోందనుకున్నాను. అయిపోయాక గోడకు అవతల కూర్చున్న రికార్డింగ్ అతను స్పీకర్‌లోంచి, "అద్భుతం సార్, ఇది ఉంచేస్తున్నాను" అన్నాడు.

నేనేనని అనుకున్నాడు. నేను ఇద్దరి వంకా చూసి, అంటే మీ అమ్మ వంకా ఆ స్పీకర్ వంకా చూసి, "సరే, ఉంచు" అన్నాను. అంతే. ఆ రెండు మాటలతో మొదలైంది.

మిగతావి ఇంట్లో చేసి పంపుతామని చెప్పి వచ్చేశాను. తలుపులేసుకుని మీ అమ్మ వాయించింది. నేను ఎదురుగా కూర్చుని, ఇక్కడ ఆగు, నేనైతే ఇక్కడ ఆగుతాను, ఇంత దాకా వెళ్లకు, అని చెబుతూనే ఉన్నాను. ఒకసారి తనకు తోచినట్టు ఏదో పైకి ఎక్కించింది. బాగానే ఉంది. "నీది కాదు, నాది వాయించు" అన్నాను. మళ్లీ అలా చేయలేదు. నువ్వు పక్కనెవరో కూర్చుని చెబుతున్నట్టుందని రాశావే, ఆ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివాను. అంతా సరిగ్గానే విన్నావు. కారణం ఒక్కటే నీకు అందలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం రేడియో వింటున్నాం. ఎవరూ లేరండి అన్నావు. మీ అమ్మ లేవలేదు, కట్టేయలేదు, చివరిదాకా వింది. తెల్లారి యథాప్రకారం బల్ల దగ్గర కూర్చుంది. రిపేర్లు చేస్తోంది, తీగలు వేస్తోంది. మీటి చూడటం మాత్రం మానేసింది. ఇచ్చేటప్పుడు మీరే చూసుకోండి అంటోంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. నా చెయ్యి పోయినప్పుడు కూడా ఇంత దిగులు పడలేదు.

నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. నేనే పరువు కోసం పాకులాడి, దెబ్బ ఆవిడకు తగలనిచ్చి, పత్రికల వాళ్లు మెచ్చుకుంటుంటే తల ఊపాను. కంపెనీ ఆయనకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. నీకు చెప్పాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

మీ నాన్న


అమ్మా,

నాన్న ఒట్టు తీసి గట్టున పెట్టాడు. ఆయన్ను తిట్టకు. తిడితే తిట్టు గాని, చెప్పినందుకు తిట్టకు.

ఉత్తరం చదివిన వెంటనే రేడియో స్టేషన్‌కు వెళ్లి, గది తలుపేసుకుని నీ రికార్డు మళ్లీ విన్నాను. నువ్వని తెలిశాక నువ్వు వినపడతావనుకున్నాను. వినపడ్డావని రాస్తే నీకు హాయిగా ఉంటుంది, నాకూ ప్రాణం కుదుటపడుతుంది. వినపడలేదమ్మా. నాన్న ఆగే చోటల్లా ఆగావు, నాన్న వెనక్కి తగ్గే చోటల్లా తగ్గావు. నాన్న గాజు మెట్టుకు తగులుతుంది. నువ్వు గిటార్లు బాగుచేసే మనిషివి, తగలనివ్వలేకపోయావు. ఆ ఒక్కచోటే మీరిద్దరూ వేరని తెలుస్తోంది. మిగతా అంతా నువ్వు లేకుండా ఉండటానికే పడ్డ కష్టం. ఎంత చక్కగా పడ్డావంటే నీ కూతురే ఎవరూ లేరంది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని నువ్వే అనేదానివి. అందుకే తీసుకోవడం లేదు. ఆ మాట తప్పని అబద్ధం చెబితే నువ్వు నమ్మవు కూడా. కానీ ఆ మాట ఎవరికి తగిలిందో తెలిసినప్పటి నుంచి నాకు తిండి సయించడం లేదు. ఫోన్లో నువ్వు అడిగినప్పుడు, అవునని ఎంత పొగరుగా అన్నానో అదే చెవుల్లో మోగుతోంది. పాముచెవులని నాన్న ముద్దుగా అంటే ఇన్నేళ్లూ మురిసిపోయాను. మన ఇంట్లో ఇద్దరు వాయిస్తుంటే ఈ చెవులకు ఒక్కరే వినపడ్డారు.

రేడియోలో నీ గురించి ఒక్క మాటా అనను. నీ పేరు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నువ్వే చెప్పాలి, నాన్న కాదు, నేనూ కాదు. ఆదివారం కార్యక్రమం దానంతటది నడుస్తుంది. నేను ఇంటికి వస్తున్నాను.

నువ్వు వాయించాలి. నాన్నను ఎదురుగా కూర్చోనివ్వను, పెరట్లోకి పంపిస్తాను. నాన్న ముక్క ఒక్కటీ వద్దు. బాగా లేకపోతే లేదనే అంటాను, నా నోటి సంగతి నీకు తెలుసు. అయినా వాయించు. చేతులు రావంటే రెండు రోజులు ఉంటాను, ఊరికే కూర్చుందాం.

నాకంటూ ఏం వాయించుకోవాలే అని అడుగుతావు. దారి పొడవునా అదే ఆలోచిస్తూ వస్తాను, నాకూ తెలియదు కాబట్టి. ఊళ్లో ఎవరికి ఏ రికార్డు నచ్చుతుందో చెప్పి బతుకుతున్నదాన్ని, నీకేం ఇష్టమో ఒక్కసారీ అడగలేదమ్మా.

నీ కూతురు