అమ్మ ఖాళీగా వదిలిన మూల

అమ్మకి,

నమస్కారం. ఇక్కడ నాన్నా నేనూ కులాసాగానే ఉన్నాం. నీ ఒంట్లో కూడా బాగానే ఉందన్న నమ్మకంతో మొదలుపెడుతున్నాను. భోజనాల వేళ, ఆఫీసులో నీ పాత కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. కూర్చున్నాననడమే గానీ, కాలు కాలిన పిల్లిలా ఇప్పటికి నాలుగుసార్లు లేచి తిరిగాను. మూడింటికి క్లాసు ఉంది. ఆ సంగతికి వస్తాను.

ముందు నీ ప్రశ్నలు. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. నాన్న దానికి గుడ్డ చుట్టి, బాగుచేశానంటున్నారు. నీ పాత కళ్లజోడు బీరువా మీద దొరికింది. ఇక, "నా పాఠాలు ఇంకా చెబుతున్నారా, మూల పడేశారా?" అని అడిగావు. చెబుతున్నారమ్మా. ఈ వారమంతా నాకు వాటితోనే కుస్తీ.

నువ్వు ఆ ఊళ్లో కొత్త శాఖకి వెళ్లాక మన కాగితం మిల్లు ఇంకో కంపెనీతో కలిసింది కదా, లోగో మారింది. నీలం చక్రం పోయి ఎర్ర చతురస్రం వచ్చింది. నీ భద్రతా పాఠాల రెండువందల పన్నెండు స్లైడ్లలోనూ దాన్ని మార్చే పని నా నెత్తిన పడింది. "ఎంతసేపండీ? మాస్టర్ స్లైడులో ఒక్కచోట పెడితే అన్నిటిమీదా అదే వచ్చేస్తుంది" అన్నారు కొత్త ఇన్‌చార్జి. పెట్టాను. ఎర్రది వచ్చింది గానీ నీలంది పోలేదు. నువ్వు మాస్టర్ జోలికే పోకుండా ప్రతి స్లైడు మీదా విడిగా అంటించావు మరి! అదీ ఒక వరసలో కాదు, ఒకచోట కింద, ఇంకోచోట పైన. రెండు రోజులు ఒక్కొక్కటే ఏరి పారేశాను.

నిన్న సాయంత్రానికి అన్నిట్లోనూ కుడివైపు కింది మూలన ఎర్ర లోగో కుదురుకుంది. చూడముచ్చటగా ఉందన్నారు ఇన్‌చార్జి. ఈ పొద్దున ఊరికే తిరగేస్తుంటే నలభై ఏడో స్లైడు దగ్గర ఆగిపోయాను. కాగితాలు కోసే మిషను బొమ్మ కింద నువ్వు ఎర్ర అక్షరాలతో రాశావే, "పెడల్ తొక్కాలి, చెయ్యి బయటికి తీశాకే" అని? రెండో సగం ఎర్ర లోగోలో కలిసిపోయింది. "పెడల్ తొక్కాలి" అన్నదే కనబడుతోంది.

వెతికితే అలాంటివి పదకొండు తేలాయి. నీ పాత ఫైలు తీసి చూస్తే, సరిగ్గా ఆ పదకొండింటిలోనే నువ్వు లోగోని పైకి జరిపి, ఆ మూల ఖాళీగా వదిలావు. ఇవాళ పనిలో చేరిన పన్నెండుమంది ఈ క్లాసు విని తిన్నగా ఆ మిషన్ల దగ్గరికే వెళ్తారు.

ఇంకో మాట ఉందమ్మా. ఫోనులో చెబితే నవ్వేసి మాట మార్చేస్తావని రాస్తున్నాను. మొన్న ఇన్‌చార్జి తెర చూసి, "ఎవరండీ ఇన్నిసార్లు అంటించింది? పనీపాటా లేని మనిషిలా ఉన్నారే!" అన్నారు. మా విభాగంలో ఇప్పుడందరూ కొత్తవాళ్లే, నువ్వెవరో తెలీదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఎవరో పాతవాళ్లండీ" అని కూడా అన్నాను. అప్పటినుంచీ ముద్ద దిగడం లేదు.

రెండవుతోంది. స్లైడ్లు సరిచేసి ఆయన దగ్గరికి వెళ్తాను.

ఇప్పుడు నాలుగున్నర. ఆ పదకొండింటిలో మాస్టర్ లోగోని దాచేసి, నువ్వు పెట్టినచోటే చేత్తో అంటించాను. "మళ్లీ ఇదేం గోలండీ? అన్నీ ఒక్క తీరుగా ఉండొద్దూ?" అన్నారు ఇన్‌చార్జి. నలభై ఏడో స్లైడు నిన్న ఎలా ఉందో, ఇప్పుడు ఎలా ఉందో చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. బల్లమీదున్న చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఆ మూల వదిలిపెట్టింది ఎవరు?" అన్నారు.

"పనీపాటా లేని మనిషేనండీ. మా అమ్మ."

గదిలో అందరికీ వినబడేలాగే అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. క్లాసులో ఆయన ఆ స్లైడు దగ్గర ఆగి, పన్నెండుమంది చేతా నీ హెచ్చరిక మొత్తం పైకి చదివించారు. నేను వెనక నిలబడి విన్నాను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ జవాబు మాత్రం రాయి.

ఇట్లు,
ఆ పనీపాటా లేని మనిషి కూతురు