తెరమీది ముద్ద

ఏప్రిల్ 28, 2021. బుధవారం

మళ్ళీ అంగడి మూత. పోయిన ఏడాది మూసినప్పుడు భయం వేసింది. ఈసారి విసుగే. పెళ్ళిళ్ళకని తెప్పించిన చీరలన్నీ బీరువాల్లోనే ఉండిపోయాయి. రంగా పొద్దుటి నుంచి వరండాలో కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తున్నారు. (డైరీలో మొగుడి పేరు రాస్తే ఆయుష్షు తగ్గదనుకుంటా.) అత్తమ్మ టీవీలో చావుల వార్తలు వింటూనే జపం చేస్తోంది. మరిది విశాల్, తోటికోడలు శ్రీనిధి మేడ మీద చెరో గదిలో లాప్‌టాప్‌ల ముందు. మొదటి లాక్‌డౌన్‌కు బెంగళూరు నుంచి పది పదిహేను రోజులకని వచ్చారు. ఏడాది దాటింది.

నాకు మాత్రం లాక్‌డౌన్ లేదు. పొయ్యి వెలుగుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం ఎండకు రాయచూరు మొత్తం తలుపులు వేసుకుని పడుకుంటుంది. అప్పుడు నేను సామాన్ల గదిలోకి పోయి ఫోన్ తెరుస్తాను. తిండి వీడియోల్లో ఆమె వస్తుంది. ఏ దేశమో తెలీదు. భాష తెలీదు. నాకు తెలిసింది ఆ నోరు ఒక్కటే. తలకు పసుపు రిబ్బన్. ముందు బేసిన్ నిండా నూడుల్స్, గుడ్లు, ఇంకా మా ఇంట్లో పేరెత్తనివి ఏవేవో. మనిషి చూస్తే వెదురు పుల్ల. అంతా తినేస్తుంది. తిని, బేసిన్ అడుగు చూపించి నవ్వుతుంది. అంత తిండి ఆ ఒంట్లో ఎక్కడికి పోతుందో! చూసిన ప్రతిసారీ నా ఒళ్ళు జలదరిస్తుంది. ఆమెకు అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్నాను.

చూస్తూ నేనూ తింటాను. నిన్నటి రొట్టెలు, శేంగా (పల్లీల) పొడి, కారపు బూంది, బెల్లం గడ్డ. ఏది దొరికితే అది. ఆకలి ఉండదు. కడుపు నొప్పి మొదలైనా చెయ్యి ఆగదు. ఆ చెయ్యి నాది కాదనిపిస్తుంది. డబ్బాలోకీ నోట్లోకీ అది తిరగడం చూస్తూ ఉండిపోతాను.

ఏప్రిల్ 30

పొద్దున: ఇవాళ ఫోన్ ముట్టను. సామాన్ల గదికి పోను.

సాయంత్రం: పోయాను.

మే 4, మంగళవారం

శ్రీనిధి గురించి రాయాలి.

గద్వాల పిల్ల. పెళ్ళికి ఎంత బొద్దుగా ఉండేదో. ఇప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఏందమ్మా గిట్లయినవని అత్తమ్మ అడిగితే, ఉపవాసం అత్తమ్మా, ఒంటికి మంచిదని అన్నది. అత్తమ్మ పొంగిపోయింది. ఈ కాలంల గింత నిష్ఠ ఎవరికుంటదని వీధి వీధికీ ఫోన్లు చేసి చెప్పింది. మన ఇంటికి కరోనా రాకపోవడం కూడా ఆ పిల్ల ఉపవాసం వల్లేనట.

ఈ పొద్దు కింద కూర్చుంటే వేడి జొన్నరొట్టె వేసి వెన్న పెట్టాను. వెన్న కరిగి అంచుల దాకా పాకింది. ఆమె దాన్ని చూసింది. చెయ్యి కదల్లేదు. కాల్ ఉందక్కా, మీదికి పోయి తింటనని పళ్ళెం పట్టుకుని పోయింది.

నాకు దణ్ణం పెట్టాలనిపించింది. మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వస్తుంది? మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను. ఫోన్‌లో ఒక గ్రూప్ చూపించింది. ఎక్కడెక్కడి వాళ్ళో, తినకుండా ఉన్నామని ఒకరికొకరు నీళ్ళ సీసాల ఫోటోలు పంపుకుంటున్నారు. కింద చప్పట్ల బొమ్మలు, మంటల బొమ్మలు. మొదట్లనే కష్టం అక్కా, తర్వాత ఒళ్ళంత దూది లెక్క అయితది అన్నది. చెప్తున్నప్పుడు ఆమె కళ్ళు గుడిలో దీపాల్లా ఉన్నాయి.

ఆమె ముందు నేను పందికొక్కును.

మే 8

పాలు పోసే సుంకవ్వ రోజూ మన ఇంటి కుడితి బక్కెట్ తన బర్రెకు తీసుకుపోతుంది. ఇవాళ మేడ వైపు చూసి, ఊట ఆయ్తేనవ్వా అని కేకేసింది. ఆయ్తు అని శ్రీనిధి పైనుంచి నవ్వింది. ఈ ఊళ్ళో ఎవరు ఎదురైనా మొదటి మాట అదే కదా, తిన్నావా అని. ఎవరూ జవాబు కోసం ఆగరు.

సుంకవ్వ ఆగింది. నా దగ్గరికి వచ్చి, మీ ఇంటి దయ వల్ల నా బర్రె బాగుపడిందవ్వా అని కన్నడంలో దండం పెట్టింది. ఎందుకన్నాను. బక్కెట్‌లో రోజూ నిండు రొట్టెలు ఉంటున్నాయట. వెన్న రాసినవి. విరగనివి.

ఆ రొట్టెలు నేను చేసినవి. ఒక్కొక్కటి చేత్తో కొట్టి చేసినవి.

కోపం రాలేదు. భయం వేసింది. అంటే ఆమె ఏమీ తినడం లేదు. ఉపవాసం విడుస్తున్నానని పళ్ళెం మీదికి తీసుకుపోవడం కూడా అబద్ధమే.

ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంట్లో తిండి గురించి మాట మొదలవుతుంది. మొదలైతే సామాన్ల గది డబ్బాల దాకా వస్తుంది.

మే 13, గురువారం

ఇది ఎట్లా రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని మేడ మీదకు పోయాను. విశాల్ గది తలుపు మూసి ఉంది, లోపల ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. శ్రీనిధి గది తలుపు వారగా ఉంది. ఫ్యాను కింద చాప మీద పడుకుని ఫోన్ చూస్తోంది. చెవుల్లో హెడ్‌సెట్. నేను వచ్చింది తెలియలేదు.

తెర మీద పసుపు రిబ్బన్.

నా అన్నపూర్ణ. అదే బేసిన్. అదే నవ్వు. ఆమె ముద్ద నోట్లో పెడితే శ్రీనిధి పెదవులు విచ్చుకుంటున్నాయి. ఆమె నమిలితే ఈమె దవడ మెల్లగా ఆడుతోంది. ఆమె మింగినప్పుడల్లా ఈమె గొంతు కదులుతోంది. నోట్లో ఏమీ లేదు. ఉత్త గాలి. ఒక వీడియో అయిపోతే ఇంకోటి పెట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

గ్లాసు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఇన్నాళ్ళూ ఆమెకు ఆకలి లేదనుకున్నాను. అంత ఆకలి నేను నా జన్మలో చూడలేదు.

మజ్జిగ గుమ్మం దగ్గర పెట్టి దిగి వచ్చేశాను. లోపలికి పోవలసింది. పోలేదు.

మే 17, సోమవారం

పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తూ పడిపోయింది. విశాల్ అరిచిన అరుపుకు వీధి లేచింది. ముట్టుకుంటే చెయ్యి మట్టికుండలా చల్లగా ఉంది, ఈ ఎండలో.

అంబులెన్స్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. కార్లో వేసుకుని తిరిగాం. ఎక్కడా బెడ్ లేదు. గేట్ల బయట జనం సిలిండర్లు పట్టుకుని కూర్చున్నారు. చివరికి డాక్టర్ జయతీర్థ గారి చిన్న నర్సింగ్ హోమ్. రంగా అంగడిలో ఆయన పాత గిరాకీ. వెనక స్టోర్ రూంలో మంచం వేయించారు.

కరోనా కాదు. రక్తంలో పొటాషియం పడిపోయింది, గుండె తప్పుగా కొట్టుకుంటోంది అన్నారు. ఏం తింటుందని అడిగారు. మంచిగనే తింటది సార్, రోజు ప్లేట్ మీదికి తెచ్చుకుంటదని విశాల్ అన్నాడు. ఉపవాసాలు ఉంటది గానీ విడిచినంక తింటదని అత్తమ్మ అన్నది.

డాక్టర్ గారు నా వైపు చూశారు. వండేది నేను కదా.

"తింటలేదు సార్," అన్నాను. "రొట్టెలన్ని కుడితిల ఏస్తున్నది. నాకు తెలుసు."

తెల్సి ఊకున్నవా అని అత్తమ్మ అరిచింది. రంగా నా వైపు తిరిగి చూశారు. ఆయన చూపే ఎక్కువ బాధ పెట్టింది. అప్పుడు మిగతాది కూడా చెప్పేశాను. సామాన్ల గది, ఫోన్, బూంది, కడుపు నొప్పి. ఆ పిల్లది బయటపడితే నాది కూడా బయటపడుతదని ఊకున్నా అన్నాను. కారిడార్‌లో అందరి ముందూ. మాస్క్ ఉంది కాబట్టి చెప్పగలిగాను.

తిడతారనుకున్నాను. డాక్టర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈ ఏడాదిగా ఇట్లాంటి వాళ్ళు చాలామంది వస్తున్నారు, అందరం ముక్కు గురించే భయపడ్డాం, నోటి సంగతి ఎవరూ అడగలేదు అన్నారు. ఇది పొగరు కాదు, తిండిపోతుతనం కాదు, రెండూ జబ్బులే, మందుంది, మాట్లాడే డాక్టర్లు ఉన్నారు అన్నారు. అత్తమ్మకు మాత్రం గట్టిగా చెప్పారు: ప్రేమకొద్దీ ఒక్కసారిగా పెట్టొద్దు. ఇన్నాళ్ళు మాడిన ఒంటికి ఒక్కసారి పెడితే గుండె ఆగిపోవచ్చు. చెంచాలతో మొదలుపెట్టాలి, రోజూ రక్తం చూస్తూ.

అన్నం కూడా చంపుతుందని నాకు తెలీదు.

మే 18

లోపల ఒక్కరే ఉండాలన్నారు. విశాల్ పోబోయాడు. అక్కనే ఉండనీ అని శ్రీనిధి అన్నదట.

మే 20

పొద్దున ఆమెతో చెప్పాను. నిన్ను చూశాను, ఆ పసుపు రిబ్బన్ పిల్లను నేను కూడా రోజూ చూస్తాను అన్నాను. ముందు నమ్మలేదు. ఫోన్ తీసి చూపించాను. నేను ఆమెకు అన్నపూర్ణ అని పేరు పెట్టుకున్నానన్నాను.

శ్రీనిధి నా ఫోన్ తన దగ్గరికి లాక్కుంది. "నేను బకాసురి అని పెట్టుకున్న అక్కా," అన్నది.

ఇద్దరం నవ్వాం. సెలైన్ గొట్టం ఊగేంత నవ్వాం. నర్సు వచ్చి కోప్పడింది.

తర్వాత గంజి. చెంచా చూడగానే గోడ వైపు తిరిగింది. తింటే దూది పోతది అక్కా, మళ్ళ బండరాయి అయిత అన్నది. బతిమాలలేదు. ఇంకో చెంచా తీసుకుని నేను ఒకటి మింగాను. అంతే, ఒకటి. గిన్నెలో ఇంకా ఉంది. నా చెయ్యి దాని వైపు పోతూ ఉంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఆమె అది చూసింది. అంత కష్టమా అక్కా అని అడిగింది.

"శానా కష్టమే."

నోరు తెరిచింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. అప్పుడు గొంతు కదిలింది. ఈసారి లోపల ఏదో ఉంది.

ఇద్దరు పిల్లల్ని కన్నాను, హాస్టళ్ళలో చదివించి ఉద్యోగాలకు పంపాను. వాళ్ళు మొదటి ముద్ద మింగినప్పుడు నేను ఏం చూస్తున్నానో గుర్తు లేదు. ఇది మాత్రం చూశాను. ఒక మనిషి మింగడం ఎంత పెద్ద సంగతో!

మే 29

ఇల్లు చేరాం. శ్రీనిధి ఆ గ్రూప్ నుంచి బయటికి వచ్చేసింది. ఎందుకు పోయావని అందులో ఒక్కరూ అడగలేదట. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని చూసింది.

జూన్ 6, ఆదివారం

ఆమె ఉప్మా కిటికీలోంచి పారేసింది. నేను శేంగా డబ్బా ఖాళీ చేశాను. సాయంత్రం ఒకరికొకరం చెప్పుకున్నాం. మందులు ఇద్దరికీ ఉన్నాయి. వారానికోసారి వీడియో కాల్‌లో ఒక డాక్టరమ్మ మాట్లాడుతుంది. ఇద్దరితో విడివిడిగా. ఇది త్వరగా పోదు, పడతారు, లేస్తారు అన్నది.

జూన్ 21

అంగడి తెరిచారు. రంగా మధ్యాహ్నం భోజనానికి వచ్చి చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చారు. నా పక్కన పీట వేసుకున్నారు. ఏందని అడిగితే, నువ్వు ఎప్పుడు తింటవో ఇన్నేండ్ల సంది నాకు తెల్వదు సౌభాగ్యా, ఇయ్యాల చూద్దామని వచ్చిన అన్నారు. అప్పుడు తట్టింది. పెళ్ళయినప్పటి నుంచి నేను అందరికీ పెట్టాక నిలబడే తింటున్నాను. పళ్ళెం కింద పెట్టుకుని కూర్చుంటే మోకాళ్ళు ఎట్లా మడవాలో తెలియలేదు.

అత్తమ్మ చూసి ఒక హుకుం జారీ చేసింది: రేపటి సంది ఇద్దరు కోడండ్లు కూసొని తినాలె, నేను వడ్డిస్త. ఫోన్లు బీరువాలో. ఆమె వడ్డన ఘోరం. చారు నేల మీదే ఎక్కువ.

జూలై 2

శ్రీనిధి సగం రొట్టె. నేను రెండు, ఆగాను. రాసుకోవాలనిపించింది.

జూలై 11, ఆదివారం

వాన. పొద్దున పది అవుతుంటే శ్రీనిధి కడుపు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది, ముఖం తెల్లబోయింది. లోపల ఏదో సప్పుడైతున్నది అక్కా అన్నది. కూర్చోబెట్టి, ఆమె కడుపు మీద చెవి ఆనించాను. గుర్రుమని, దూరంగా, బండి వంతెన ఎక్కినట్టు. మళ్ళీ ఆగి, మళ్ళీ. అత్తమ్మ వచ్చి తనూ చెవి పెట్టి, గిది ఆకలి బిడ్డా అన్నది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ఎవరం లేవలేదు.