పందుల తుపాకి ఇచ్చేసినాను

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. శెనక్కాయ చేనికి పందులు రాకుండా నువ్వు పెట్టుకున్న తుపాకి లైసెన్సును నా పేరుకు మార్చుకోమని పోలీసులు చెబితే, నిన్న పావగడ పోలీసు స్టేషనుకు పోయినాను.

పోయిన నెల పక్క ఊళ్ళో ఒకడు పొలం గట్టు తగాదాలో అట్లాంటి తుపాకితోనే జనం మీద కాల్చి నలుగురిని చంపినాడు. బస్సులో అంతా అదే మాట.

"వాన్ని ఉరి తీయాలప్పా."

"తీస్తే పోయినోళ్ళు వస్తారా? తుపాకులన్నీ గుంజుకోవాల."

"గుంజుకోని, పంట పందులకు పెడతావా?" అని ఒక ముసలామె అడిగితే అందరూ నవ్వినారు.

ఉరి మాట వచ్చినప్పుడల్లా నేను మెడ తడుముకున్నాను. ఈసారి విత్తేటప్పుడు పక్క చేని హనుమంతప్ప మామ నాగలి మన చేలోకి జరిగిందని నేను ఇంట్లోకి ఉరికి నీ తుపాకి తీసినాను. మందు దట్టించేలోపల అమ్మ బయట గొళ్ళెం పెట్టేసింది.

స్టేషనులో తుపాకి బల్ల మీద పెట్టి, "నాకొద్దు సార్, మీరే పెట్టుకోండి" అన్నాను.

"మరి పందులు?"

"మా నాయన దగ్గుకే పారిపోయేవి సార్. నేను రేకు డబ్బా కొట్టి తోలుకుంటాను."

ఈ పొద్దున మామ గట్టు మీదికి వచ్చినాడు. "తుపాకి ఇచ్చేసినావంట కదా అల్లుడా, ఇంక నిన్ను ధైర్యంగా తిట్టొచ్చు," అన్నాడు. అన్నట్టే చాలాసేపు తిట్టినాడు. నేనూ తక్కువ తినలేదు. గొంతులు ఎండినాక ఆయన తెచ్చుకున్న మజ్జిగ ఇద్దరం తాగినాము. గట్టు సంగతి తేలలేదు. రేపు మళ్ళీ వస్తానన్నాడు.