ఈథరూ నాయనమ్మ అడ్డచుట్టా

విజయనగరం, 8-2-68

నాన్నకు పద్మ రాస్తున్నది. నాయనమ్మ బాగానే ఉంది, కంగారుపడకు. కానీ ఈరోజు జరగాల్సిన కడుపులో గడ్డ ఆపరేషన్ సోమవారానికి వాయిదా పడింది.

మత్తుకిచ్చే ఈథరు పెట్రోలులా మండుతుందట, నిప్పురవ్వ తగిలితే గదంతా అంటుకుంటుందట. నర్సు ఆ సీసా మూత తీయబోతుంటే, బల్లమీదున్న నాయనమ్మ ముక్కులోంచి సన్నగా పొగ రావడం గుమ్మంలోంచి చూసి కేకపెట్టాను. అడ్డచుట్ట ముక్క, నిప్పుకొస నోటి లోపలికి పెట్టుకుని పెదాలు బిగించి పడుకుంది. ఇక ఎవరికి కనిపిస్తుంది? పైగా, "నిప్పు నా నోట్లో ఉన్నాది గాని ఆల సీసాలో నేదు కదే గుంటా, ఏటా గోల?" అని నన్నే తిట్టింది.

సోమవారందాకా చుట్ట ముట్టకూడదనీ, మళ్లీ పట్టుబడితే ఇంటికి పంపేస్తాననీ డాక్టరుగారు అన్నారు. పంపేస్తే ఆ గడ్డ ఎన్నాళ్లు ఊరుకుంటుంది? తలగడ గలీబులో ఇంకో రెండు చుట్టలు దొరికాయి. అవి పంపిన జగ్గమ్మత్తను ఇక పొగాకు పంపనివ్వకు. అమ్మకు జ్వరం తగ్గిందా? ఇక్కడ చలిగా ఉంది, నా దుప్పటి కావాలి.

ఇందాక నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, "నాకు బయమేస్తన్నాదే. సుట్ట మానేస్తాను గాని, మీ అయ్యని నా కాడ కూకోమని రాయి" అంది. అమ్మకు నా నమస్కారాలు చెప్పి, ఆదివారం సాయంత్రానికల్లా నువ్వే రా.

పద్మ