పంకజం మెడమీది వాత

తిరుపతి,
4-5-1983

చిరంజీవి ధనంజయునికి,

ఆశీర్వచనం వ్రాయబోయి కలం ఆపుకొన్నాను.

నిన్న మీ అమ్మ నీ కూతురు పంకజానికి జడ వేస్తూ మెడ వెనుక వాత చూసి కేక పెట్టినది. పసుపుకొమ్ము కాల్చి నీవే పెట్టినావట. సెలవులకని పిల్లను నాకు అప్పగిస్తూ, “సూడు నాయనా, కూతలు ఎంత తగ్గినాయో” అని నీవు నవ్విన నవ్వు తలచుకొంటే అసహ్యం వేస్తున్నది. తగ్గలేదు, నీ ఎదుట భయంతో బిగబట్టుకొన్నది.

అది టూరెట్ అనే నరాల జబ్బనీ, కళ్ళు ఆర్పడం, గొంతులో శబ్దం పిల్ల వశంలో లేవనీ వేలూరు డాక్టరమ్మ నీకు విడమరచి చెప్పినది. చదివి వినిపించమని స్వయంగా బొమ్మలు గీసి పుస్తకం కుట్టి ఇచ్చినది. పిల్ల పెట్టె అడుగున అది పైన చుట్టిన దారమైనా విప్పకుండా దొరికినది. నిత్యం అగ్నిని ఆరాధించే ఇంట పుట్టి, ఆ అగ్నితో పసిదాని మెడ కాల్చినావు. ఛీ!

పుస్తకం నేనే చదివి వినిపించాను. కళ్ళు ఆర్పే పాప బొమ్మను పంకజం చాలాసేపు చూసి, పుటలన్నీ తిప్పి వెదకి, “ఈ పాపకు వాళ్ళ నాయన వాత పెట్టలేదా తాతా?” అని అడిగినది.

జవాబు చెప్పవలసినవాడవు నీవు. వచ్చి దాని ముఖం చూసి చెప్పు. పిల్లను పంపే మాట ఆ తరువాత.

మీ నాయన