రైల్లో ఒలవని కందికాయలు

లక్ష్మక్కకు,

శారద రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలు నొప్పి నిజంగా తగ్గిందా, తగ్గిందని నాకు చెప్పి మళ్లీ డాబా మెట్లెక్కుతున్నావా? చిన్నోడి దగ్గు ఎట్లా ఉంది? ఒక్కొక్కరి సంగతి విడివిడిగా రాయి. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను నమ్మను. నేను కూడా పైన అదే ముక్క రాశాను కదా.

ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మా ఇంట్లో నా ఫోన్ మోగితే పది చెవులు నిక్కబొడుచుకుంటాయి. మీ మరిది స్పీకర్ పెట్టమంటాడు. అత్తమ్మ వంటింట్లోంచి నీ యోగక్షేమాలు అడుగుతుంది, జవాబు కూడా తనే చెప్పేసుకుంటుంది. ఇక మనిద్దరికీ మిగిలేది ఎండా వానల ముచ్చటే. అందుకే సోమవారం పొద్దున్నే సూరత్ పక్కనున్న ఉధనా స్టేషన్‌లో బండెక్కి, నందుర్బార్ చేరేలోగా ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే ఆ తప్పు పట్టాలది.

పోయినసారి నువ్వు ఫోన్‌లో అడిగావు, సూరత్‌కు బదిలీ వచ్చినా నేను ఎందుకు నానుస్తున్నానని. పక్కనే మీ మరిది ఉన్నాడు, నేను నవ్వి ఊరుకున్నాను. మా మేనేజర్‌కు ఈరోజు ఏదో ఒకటి చెప్పాలి. ఆయనకంటే ముందు నీకు చెబుతున్నాను.

నా బతుకు నీకు తెలుసు. వారమంతా నందుర్బార్‌లో బ్యాంకు, వారం చివర సూరత్ నవాగామ్‌లో ఇల్లు. నందుర్బార్ మిరపకాయల ఊరు. ఇప్పుడు చలికాలం కదా, ఎటు చూసినా ఎర్రగా ఆరబోసి ఉంటాయి, తుమ్మకుండా బ్యాంకుకు చేరిన రోజు లేదు. తిండికి లోటు లేదు, జొన్నరొట్టె మన దగ్గరిలాగే చేస్తారు. గది చిన్నదే అయినా ఎండ వస్తుంది. సాయంత్రాలు తోచదు, ఒక్కోసారి గోడతో మాట్లాడాలనిపిస్తుంది. అయినా బాగానే ఉన్నాను, బాగానే తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

ఇట్లా తిరగడాన్ని ఇక్కడివాళ్లు అప్‌డౌన్ అంటారు. అదేదో డిగ్రీ అయినట్టు చెప్పుకుంటారు. నేను ఇన్నేళ్లుగా అప్‌డౌన్ చేస్తున్నానని ఒకడు ఛాతీ విరుచుకుంటే, నాది నీకంటే ఎక్కువని ఇంకొకడు. బండి ప్లాట్‌ఫాం మీద ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు విసురుతారు. రుమాలు పడిన సీటు ఇక వాడి తాతగారి ఆస్తి. చంటిపిల్లతో ఉన్న తల్లి దాని మీద కూర్చున్నా సరే, ఆమెను లేపి రుమాలుకే మర్యాద చేస్తారు. తర్వాత చేతిపెట్టె మోకాళ్ల మీద పెట్టుకుని పేక ముక్కలు పంచుకుంటారు, దేశాన్ని ఎట్లా బాగుచేయాలో మాట్లాడుకుంటారు. ఇంటికి వెళ్లాక తాగిన గ్లాసు కూడా తీయరు, అది వేరే సంగతి.

ఆడవాళ్ల పెట్టె ఇంకా విడ్డూరం. బండి కదలగానే సంచుల్లోంచి చాకులు, పళ్లేలు, పాత పేపర్లు బయటికొస్తాయి. ఒకామె మెంతికూర గిల్లుతుంది, ఒకామె వెల్లుల్లి పొట్టు తీస్తుంది, ఇంకొకామె బఠానీ ఒలుస్తుంది. అందరూ జీతాలు తెచ్చేవాళ్లే. ఇంటికి చేరేసరికి కూర పొయ్యి మీదకు సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఆ ఇళ్లలో ఆకలితో ప్రాణాలు పోతాయి మరి. నేనూ తక్కువదాన్నేం కాదు. అత్తమ్మకు పచ్చి కందికాయల కూరంటే ఇష్టమని ప్రతి వారం నందుర్బార్ సంతలో ఒక సంచీ కొని, సూరత్ వచ్చేదాకా ఒలుస్తూనే ఉంటాను. పురుగులు కూడా నాతో సూరత్ చూసొస్తాయి.

ఇంట్లో స్వాగతం ఎట్లా ఉంటుందో తెలుసా? మీ మరిది స్కూటర్ మీద స్టేషన్‌కు వస్తాడు. దాంపత్యంలో ఆయన వంతు అక్కడితో అయిపోతుంది. ఇంటికొచ్చి సోఫాలో పడుకుంటాడు. నేను ఇల్లాలినని గుర్తు చేయడానికి ఒక తొట్టెడు బట్టలు, నానబెట్టిన మినప్పప్పు ఎదురు చూస్తుంటాయి. వారమంతా పని నాకోసం దాచిపెడతారు, పిల్లలకు మిఠాయి దాచినట్టు. ఆ సోఫా నీకు గుర్తుందా? నా పెళ్లికి నువ్వు కరీంనగర్ అంతా తిరిగి రంగు ఎంచిన సోఫా. ఊళ్లోంచి లారీ ఎక్కించి పంపారు. పెళ్లయిన నాటి నుంచి దాన్ని తుడిచాను గానీ దాని మీద కూర్చున్నది లేదు. అత్తమ్మ కూడా అంతే, ఆమె చోటు వంటింటి గడప పక్కన నేల మీద.

ఇప్పుడు అసలు మాట చెబుతాను, బావకు చదివి వినిపించకు. బదిలీ వద్దని చెబుదామనుకున్నాను. ఎందుకంటే నాకు ఈ బండిలో కిటికీ సీటుంది. చేతులు ఒలుస్తున్నా ఒళ్లు కూర్చునే ఉంటుంది. ఎవరూ పిలవరు. ఆ కొద్ది గంటల కోసం ఇల్లున్న ఊరికి వచ్చిన బదిలీ వదులుకోవడానికి సిద్ధపడ్డానంటే నీ చెల్లెలి గొప్పతనం చూడు.

మా పెట్టెలో మంగళాబెన్ అని ఒకామె ఉండేది, బెన్ అంటే ఇక్కడ అక్క. ఇల్లు సూరత్‌లోని కతర్‌గామ్‌లో, ఉద్యోగం నందుర్బార్ బడిలో టీచరుగా. మా అందరికంటే పాత అప్‌డౌన్ మనిషి. దీపావళి తర్వాత రిటైరయింది. ఆ రోజు ఆమె కిటికీ ఊచలకు బంతిపూలు చుట్టారు, శనగపిండితో చేసే ఖమణ్ పంచారు, ఒకామె లేచి ఉపన్యాసం కూడా ఇచ్చింది. మంగళాబెన్ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఒలవని సంచీతో ఇంటికి పోలేదట. అదీ బిరుదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఖమణ్ తింటూ లోపల నవ్వుకున్నాను, అయినా నా చేతులు మాత్రం కందికాయల మీదే ఉన్నాయి.

మొన్న శుక్రవారం సాయంత్రం నందుర్బార్‌లో బండెక్కితే ఆమె తన కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చేతిలో సంచీ లేదు. పింఛను పనేమైనా మిగిలిందా అని అడిగాను. లేదంది. పొద్దున బండిలో సూరత్ నుంచి వచ్చిందట, పగలంతా స్టేషన్ బెంచీ మీద కూర్చుందట, ఇప్పుడు తిరిగి వెళుతోందట. ఇంట్లో మాత్రం బడిలో ఏదో పనుందని చెప్పిందట. ఎందుకు బెన్ అన్నాను. హిందీలో మెల్లగా చెప్పింది.

"ఇంట్లో పడుకునేందుకు మంచముంది బేటా, చేసేందుకు పనుంది. కూర్చునేందుకే చోటు లేదు. నా చోటు ఇదొక్కటే."

 పెట్టెలో చాకులన్నీ ఆగిపోయాయి. కాసేపటికి ఆమె నా వైపు చేయి చాపి, నీ కందికాయలు ఇలా ఇవ్వు, చేతులు ఖాళీగా ఉంటే తోచడం లేదంది. భయమేసింది అక్కా. అంత దూరం కూర్చోవడానికే వచ్చిన మనిషికి ఊరికే కూర్చోవడం రాదు. రేపటి నన్ను ఇప్పుడే చూసినట్టయింది. సంచీ ఇవ్వలేదు, కాళ్ల కింద పెట్టుకున్నాను. నేనూ ఒలవలేదు. ఇద్దరం ఉధనా దాకా కిటికీలోంచి చీకటి చూస్తూ వచ్చాం.

అప్పుడే అనుకున్నాను. ఈ రాత్రి ఇంట్లో కూర్చుంటాను. ఈ కందికాయలు వేరే ఎవరైనా ఒలిస్తే బదిలీ తీసుకుంటాను. చివరికి అవి అత్తమ్మ చేతికో నా చేతికో వస్తే నందుర్బార్‌లోనే ఉండిపోతాను, మంగళాబెన్ లాగా అయితే అవుతాను.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని సోఫా దగ్గరికి వెళ్లాను. అప్పటికే మీ మరిది టీవీ ముందు కాళ్లు పూర్తిగా చాపుకుని పడుకున్నాడు.

"కాళ్లు జర ముడుసుకోండ్రి" అన్నాను.

ముడుచుకున్నాడు, నేను కూర్చున్నాను. ఆయన గాభరాగా లేచి నా నుదుటి మీద చెయ్యేశాడు.

"ఏందే, పానం మంచిగ లేదా?"

పెళ్లాం కూర్చుంటే జ్వరమే అయ్యుండాలి, ఈయనకు తెలిసిన వైద్యం అది.

"పానం మంచిగనే ఉన్నది. గీ కందికాయలు ఒలువుండ్రి" అని సంచీ ఆయన ఒడిలో పెట్టాను.

ఆయన సంచీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, తర్వాత వంటింటి వైపు చూసి వాళ్లమ్మను పిలిచాడు. కష్టమొస్తే మన వీరుడు చేసే మొదటి పని అది. అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడింది. కొడుకునీ, సంచీనీ, సోఫాలో ఉన్న నన్నూ మార్చి మార్చి చూసింది.  ఇప్పుడామె వంగి ఆ సంచీ తీసుకుంటుంది, నా నందుర్బార్ ఖాయం అనుకున్నాను.

ఆమె సంచీ వైపు రాలేదు. నా దగ్గరికి వచ్చింది.

"జర జరుగు బిడ్డా" అంది.

జరిగాను. నా పక్కన మెల్లగా, విరుగుతుందేమో అన్నట్టు కూర్చుంది. రెండు అరచేతులతో సోఫాను అటూ ఇటూ నొక్కి చూసుకుంది.

"గింత మెత్తగ ఉంటదానే గిది?"

నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. మీ మరిది కాసేపు మమ్మల్నిద్దరినీ చూసి, మాకిద్దరికీ ఒకేసారి జ్వరమొచ్చి ఉండదని తేల్చుకున్నాడేమో, ఒలవడం మొదలుపెట్టాడు. ఆ ఒలవడం నువ్వు చూడాలి. తొక్కలు గిన్నెలోకి, గింజలు సోఫా కిందికి. పురుగు కనిపించినప్పుడల్లా కాయ దూరంగా పెట్టి మా ముఖాలు చూశాడు. చివరికి గుప్పెడు గింజలు తేలాయి. కూర ఆ రాత్రి నీళ్లలాగే ఉంది, అత్తమ్మ మాత్రం రెండోసారి వడ్డించుకుంది.

ఒక పూట కందికాయలు ఒలిచిన మొగుడికి హారతి పట్టేంత పిచ్చిదాన్ని కాను. మర్నాడు తొట్టెలో బట్టలు యథాప్రకారం నా కోసమే ఉన్నాయి. మధ్యాహ్నం అత్తమ్మ టీ పట్టుకొచ్చి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, సోఫా దగ్గరికే వచ్చింది. అందుకే ఈరోజు మేనేజర్‌కు బదిలీ తీసుకుంటానని చెబుతున్నాను. వచ్చే వారం మంగళాబెన్ కనిపిస్తే మా ఇంటికి రమ్మని పిలుస్తాను. ఆ సోఫాలో ముగ్గురం సరిపోతాం.

సకినాలు పంపుతానన్నావు కదా, ఇక బ్యాంకు అడ్రసుకు వద్దు, నవాగామ్‌కే పంపు. బావకు నమస్కారాలు చెప్పు, పెద్దమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు, పిల్లలకు నా ముద్దులు. నీ మోకాలికి నువ్వుల నూనె రాయడం మానకు. నన్ను దీవించు, కానీ ఓర్పు ఇమ్మని మాత్రం కోరకు, అది నా దగ్గర బోలెడంత ఉంది.

నందుర్బార్ వచ్చేస్తోంది, మిరప ఘాటు కిటికీలోకి వస్తోంది. ఒక్క మాట మిగిలింది. నువ్వు సోఫాకు ఎంచింది ఉత్త మెరూన్ రంగని ఇన్నాళ్లూ అనుకున్నాను. కూర్చుని చూస్తే అందులో సన్నని బంగారు గీతలున్నాయి అక్కా.

నీ చెల్లెలు,
శారద